ఆటిజం మీద డిసర్టేషన్ రాస్తా ఉండా, ఆటిజం ఉన్నోళ్లనే అడక్కుండా ఎట్ల రాసేది?

స్వర్ణముఖి_98

అందరికీ నమస్తే. నేను తిరుపతిలో సైకాలజీ పీజీ చేస్తా ఉండా, రెండో సంవత్సరం. ఆటిజం ఉండి 16 ఏళ్లు దాటిన పిల్లలకి ఇంట్లో రోజు ఎట్ల గడుస్తాది అనేది నా డిసర్టేషన్ టాపిక్. 12 మంది అమ్మల్ని ఇంటర్వ్యూ చేయాల, ఒక్కొక్కరితో గంట, రికార్డ్ చేసుకోని టైప్ కొట్టి అందులోంచి థీమ్స్ తీయాల, గైడ్ సార్ ఓకే చేసిన ప్లాన్ ఇదే. ఏడు అయిపోయినాయి.

పోయిన ఆదివారం బైరాగిపట్టెడలో ఎనిమిదో ఇంటికి పోయినా. ఆ ఇంటి అబ్బాయికి 22. అమ్మ హాల్లో కూర్చోని చెప్తా ఉంది, నేను రాసుకుంటా ఉండా, అబ్బాయి వంటింటి గడప దగ్గర నిలబడుకోని మమ్మల్ని చూడకుండా గోడ పక్కకి తిరిగి ఉన్నాడు. "వీడికి శబ్దాలు పడవమ్మా, గంగజాతర వారం రోజులూ కిటికీలు తలుపులు మూసేసి ఇంట్లోనే పెట్టుకుంటాం" అనింది ఆమె. అంతలో వాడు ఆడ్నించే "బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు" అని జాతరలో వేసే వేషాల పేర్లు వరస తప్పకుండా చెప్పి, కొంచేపు ఆగి, "డప్పు వద్దు. వేషం కావాల" అన్నాడు.

అమ్మ నోట మాట రాలేదు. చాలాసేపటికి "ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు కదమ్మా" అనింది, ఏడ్చేసింది కూడా. నా నోట్‌బుక్‌లో అప్పటికే "శబ్దభయం, అందుకే పండగలకి దూరం" అని రాసేసుకోని ఉండా. వాడు దూరం కాలేదు, మనం దూరం పెట్టినాం. చెవులకి ఏదైనా అడ్డం పెట్టి ఎదురింటి మిద్దె మీద నుంచి వేషాలు చూపిచ్చి ఉంటే సరిపోయేది. మిగతా ఏడు ఇండ్లల్లో నేను రాసుకున్నవాట్లో ఇట్లాంటి తప్పులు ఎన్ని ఉండాయో అని ఆ రోజునుంచి నిద్ర పట్టడం లేదు.

పిల్లల్నే అడగతా అని గైడ్ సార్‌తో చెప్తే ఆయన కోప్పడలేదు, కానీ ఆటిజం ఉన్నోళ్ల జవాబులు నమ్మేదానికి లేదు, రీసెర్చ్‌లో మనుషులకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీలో మళ్లా అప్లై చేయాల, టైం చాలదు అన్నాడు. నాకు అడగాలనే ఉంది. ఎట్ల అడగాల, సంతకం ఎవరు పెట్టాల, అసలు మాటలే లేనోళ్లని ఏ రకంగా కలుపుకోవాల, ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి ప్లీజ్. చదువుకున్నోళ్లే కాదు, ఇండ్లల్లో ఉండే అమ్మానాయనలు, ముఖ్యంగా ఆటిజం ఉన్నోళ్లు ఎవరన్నా ఉంటే మీరే చెప్పండి.

కట్టమంచి_అమ్మ

అమ్మా నీ పోస్టు రాత్రి రెండుసార్లు చదివినా. మాది చిత్తూరు, మా వాడికి 17, మాటలు లేవు. "అమ్మ" అని కూడా అనడు. కానీ మాటల్లేవంటే చెప్పడని కాదు, ఇది నాకు అర్థమయ్యేదానికే పదేళ్లు పట్టింది. వేలూరు సీఎంసీ ఆస్పత్రి వాళ్ల నంబిక్కై నిలయంలో, అంటే పిల్లల మానసిక వైద్య విభాగంలో, వాడితో పాటు ఉండి నేర్చుకున్నప్పుడు నా కండ్లు తెరుచుకున్నాయి. అంతవరకు నేను వాడికి చెప్పేదే కానీ వాడు చెప్పేది చూసిందే లేదు. నీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టుకోని కుండ కాడికి తీసకపోతాడు. బయటికి పోవాలంటే నా చెప్పులు తెచ్చి నా ముందర పెడతాడు, వాడివి కాదు, నావి.

నాలుగేళ్ల కింద ఒక కాలేజీ నుంచి ప్రాజెక్టుకని ఇద్దరు వచ్చినారు. పేరు వద్దులే. నేను సంతకం పెట్టినా, తప్పు నాదీ ఉంది. కెమెరా స్టాండ్ మీద పెట్టి బొమ్మలు చూపిచ్చి ఇది తియ్యి అది తియ్యి అని గంటన్నర చేసినారు. సగం కాకముందే వాడు లేచిపోయి వాకిట్లో ఉండే ఆ పాప చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల కాడ పెట్టినాడు. నాకు వెంటనే అర్థమయింది, పొమ్మంటా ఉన్నాడు. వాళ్లు నవ్వి "భలే ముద్దుగా ఉన్నాడే" అనేసి మళ్లా కూర్చోబెట్టినారు. నేనూ ఏమీ అనలేదు, చదువుకున్న పిల్లోళ్లు కదా మనమేం చెప్తాం అని. కాసేపటికి వాడు తల నేలకేసి కొట్టుకున్నాడు, కెమెరా తిరగతానే ఉంది. పోయేటప్పుడు రిపోర్టు పంపిస్తామన్నారు, ఈ రోజుకీ రాలేదు. మా వాడి మీద వాళ్లు ఏం రాసుకున్నారో నాకు తెలీదు.

కాబట్టి నిన్ను ఒకటే అడుగుతా ఉండా. వాడు చెప్పులు తెచ్చి పెడితే నువ్వు లేచి వచ్చేయాల. అంతే. అది నీ ఫారంలో ఏ కాలమ్‌లో పడతాదో నువ్వే చూసుకో.

లీలామహల్_సర్కిల్

స్వర్ణముఖి గారూ, నేను సోషల్ వర్క్ లెక్చరర్‌గా రిటైర్ అయినాను, ఒక ఎథిక్స్ కమిటీలో కొన్నేళ్లు కూర్చున్నాను కాబట్టి సంతకాల సంగతి చెప్తాను. పై తల్లి గారు చెప్పిన చెప్పుల సంగతి చదివినాక ఇది రాయకుండా ఉండలేకపోయినాను, ఎందుకంటే ఆ కుర్రవాడు చేసిన పనికి మన దేశపు నియమాల్లో చోటు ఉంది.

ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017 ఎథికల్ గైడ్‌లైన్స్ ప్రకారం 18 లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు, పిల్లవాడి అసెంట్, అంటే వాడి ఒప్పుదల, కూడా కావాలి, 7 నుంచి 12 వరకు నోటిమాటగా, ఆ పైన 18 వరకు రాతపూర్వకంగా. పిల్లవాడు వద్దంటే ఆ వద్దును గౌరవించాలి. చెప్పులు తెచ్చి పెట్టడం వద్దనడమే. మీ ప్రోటోకాల్‌లో, అంటే రీసెర్చ్ ఎలా చేస్తారో రాసే కాగితంలో, "ఈ పార్టిసిపెంట్ వద్దు అనేది ఇలా చెప్తాడు" అని ఒక్కొక్కరికీ ఇంటివాళ్లని అడిగి ముందే రాసిపెట్టుకోండి, ఆ గుర్తు కనపడితే రికార్డర్ ఆపేస్తాను అని కూడా రాయండి. కమిటీలో కూర్చున్నవాడిగా చెప్తున్నా, అలాంటి వాక్యం ఉన్న అప్లికేషన్ చూస్తే మాకు భరోసాగా ఉంటుంది.

ఇక 18 దాటినవాళ్ల సంగతి. చాలామంది పొరపాటు ఇక్కడే. మీ బైరాగిపట్టెడ అబ్బాయికి 22 అన్నారు. 18 దాటినాక అమ్మ సంతకం వాడి సంతకం కాదు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద కలెక్టర్ గారి అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తే తప్ప అమ్మానాన్నలు చట్టప్రకారం గార్డియన్లు కారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 చూస్తే పరిమిత గార్డియన్‌షిప్ అంటేనే ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవడం అని ఉంది. అదే చట్టం 6వ సెక్షన్ రెండో క్లాజు మీ గైడ్ గారికి చూపించండి. వైకల్యం ఉన్న మనిషి మీద రీసెర్చ్ చేయాలంటే ఆ మనిషికి అర్థమయ్యే పద్ధతిలో చెప్పి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోవాలి, ప్రభుత్వం వేసే రీసెర్చ్ కమిటీ ముందస్తు అనుమతి కావాలి, ఆ కమిటీలో కనీసం సగం మంది వైకల్యం ఉన్నవాళ్లో వాళ్ల రిజిస్టర్డ్ సంఘాల సభ్యులో అయి ఉండాలి. అంటే వాళ్లని కలుపుకోవడం మీరు కొత్తగా తెచ్చిన ఆలోచన కాదు, పార్లమెంటు ఒప్పుకున్న సంగతి. 22 ఏళ్ల మనిషి గడప దగ్గర నిలబడి ఉంటే ఆయన్ని వదిలేసి ఆయన గురించి రాసుకోవడమే వివరణ ఇచ్చుకోవాల్సిన పని.

బయట దేశాల అనుభవం కూడా చెప్తాను, సార్‌కి పనికొస్తుంది. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో 2006లో ఆస్పైర్ అనే బృందం మొదలైంది, క్రిస్టీనా నికొలైడిస్ అనే డాక్టరు, డోరా రేమేకర్ అనే ఆటిస్టిక్ పరిశోధకురాలు కలిసి పెట్టినారు. ఏం పరిశోధించాలి అనే దగ్గర్నుంచి ఫలితాలు రాసేదాకా ఆటిజం ఉన్నవాళ్లు సమానంగా కూర్చుంటారు. వాళ్ల మీటింగులు చాలావరకు టైప్ చేసుకునే చాట్‌లో జరిగేవి, నోటితో మాట్లాడటం కష్టమైనవాళ్లు కూడా సమానంగా ఉండాలని. ప్రశ్నావళిలో పదాలు వాళ్లే సరిచూస్తారు, "అప్పుడప్పుడు" అంటే ఎన్నిసార్లు అని వాళ్లు అడిగేదాకా మామూలువాళ్లకి ఆ అనుమానమే రాదు. బ్రిటన్‌లో లిజ్ పెలికానో బృందం 2013లో లెక్క తీస్తే అక్కడ ఆటిజం రీసెర్చ్ డబ్బులో 56 శాతం మెదడు, జీవశాస్త్రం, ఆలోచనాప్రక్రియల మీదకే పోతోంది. ఆటిజం ఉన్నవాళ్లూ ఇంటివాళ్లూ అడిగిందేమో రోజువారీ బతుకు, సేవలు, పెద్దయినాక సంగతి. మీ టాపిక్ అదే కదా, రోజు ఎట్ల గడుస్తుంది అని. మంచి టాపిక్ తీసుకున్నారు, వదలొద్దు.

రేణిగుంట_జంక్షన్

నాకు ఆటిజం ఉంది. వయసు 31. రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తా. 27 ఏళ్లప్పుడు బెంగళూరులో డయాగ్నసిస్ అయింది, అంతవరకు మా ఇంట్లో మొండోడు, బళ్లో పొగరుబోతు అనేది. ఈ పోస్టుకి రిప్లై రాసేదానికి మూడు రోజులు పట్టింది, నాకు రాసేది తేలికే, ఎక్కడ మొదలుపెట్టాల్నో తెలీక.

వైకల్యం సర్టిఫికెట్ కోసం ఐసా స్కేల్ వేస్తారు, ఆటిజం ఎంత ఉందో కొలిచేది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారు చేసింది, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70, ఆ పైన వస్తే ఆటిజం. నాకు వేసినప్పుడు జవాబులు ఎక్కువగా మా అమ్మని అడిగినారు. కళ్లలోకి చూస్తాడా, నవ్వితే నవ్వుతాడా, ఇట్ల. నేను పక్కనే కూర్చోని ఉండా. ఆ రూములో ట్యూబ్‌లైట్ గుయ్యిమంటా ఉంది, ఆ చప్పుడు నా పండ్లలో పుడతా ఉంది, అందుకే నేను తల పైకెత్తలేదు. ఫారంలో చూపు కలపడు అని పడింది. లైట్ ఆపండి అని అడిగే తెలివి నాకప్పుడు లేదు, ఇబ్బందిగా ఉందా అని వాళ్లూ అడగలేదు. స్కేల్ తప్పని నేను అనడం లేదు, దానివల్లే నాకు కాగితం వచ్చింది. కానీ 40లో ఒక్కటన్నా నన్నడిగే ప్రశ్న ఉండాలని నాకు అనిపిస్తాది.

నీకు పనికొచ్చేవి చెప్తా అక్కా. ప్రశ్నలు ముందురోజే వాట్సాప్‌లో పంపు. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే నేను అరగంట మౌనంగా ఉంటా, "నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినాక మొదట ఏం చేసినావు" అంటే వెంటనే చెప్తా. వస్తా అన్న టైంకి రా, పది నిమిషాలు లేటైతే ఫోన్ చెయ్యి, లేకపోతే ఆ పది నిమిషాలు నా బుర్రలో ఇంటర్వ్యూ అంతా అయిపోయి నువ్వు వచ్చేసరికి ఏం మిగలదు. ఇంటికి రావడం కంటే కపిలతీర్థం దగ్గర పొద్దున్నే జనం లేనప్పుడు నడస్తా మాట్లాడతా అంటే నాకు సులభం, మొకం మొకం చూసుకోవాల్సిన పని లేదు. కొంతమందికి టైపింగ్, కొంతమందికి వాయిస్ మెసేజ్, వాళ్లనే ఎంచుకోనీ. బస్ చార్జీ, ఆ రోజు కూలి ఇచ్చేట్టు అప్లికేషన్‌లో పెట్టు, అమ్మలకి ఇస్తే మాకూ అంతే ఇయ్యి. అయిపోయినాక నువ్వు ఏం రాసినావో సులువు తెలుగులో ఒక పేజీ పంపు, నేను చదివి ఇది నేననలేదు అంటే మార్చు. ఇంకొకటి, నన్ను జవాబులు చెప్పేదానికి మాత్రమే పిలవద్దు. ప్రశ్నలు తయారు చేసేటప్పుడే పిలువు. తప్పు ప్రశ్నకి నేనెంత కరెక్ట్‌గా జవాబు చెప్తే ఏం లాభం.

వాళ్ల మాట నమ్మేదానికి లేదు అన్నాడు కదా మీ సారు. డామియన్ మిల్టన్ అని ఒకాయన, ఆయనా ఆటిస్టిక్కే, 2012లో ఒక మాట రాసినాడు. మాకు మీరు అర్థం కాకపోవడం ఎంత నిజమో మీకు మేం అర్థం కాకపోవడం అంతే నిజం, లోపం ఇద్దరి మధ్యలో ఉంది, ఒకరిలో కాదు అని. తర్వాత ఎడిన్‌బరాలో క్యాథరీన్ క్రాంప్టన్ వాళ్లు 8 మందిని వరసగా పెట్టి ఒక కథ ఒకరినుంచి ఒకరికి చెప్పించినారు, 2020లో వచ్చింది ఆ పేపర్. అందరూ ఆటిజం ఉన్నోళ్లే అయిన వరసలో కథ, అందరూ మామూలోళ్లే ఉన్న వరసలో ఉన్నంత బాగానే చివరికి చేరింది. ఇద్దర్నీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. నాకది చదివినాక ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుండిపోయినా. 27 ఏళ్లు నాలోనే ఏదో చెడిపోయింది అనుకున్నోణ్ణి.

స్పీచ్_గ్రీమ్స్‌పేట

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, 14 ఏళ్లుగా చిత్తూరులో చేస్తా ఉండా. కొంచెం వేరే మాట చెప్తా, ఎవరూ బాధపడొద్దు. రేణిగుంట తమ్ముడు చెప్పింది నూటికి నూరు నిజం, కానీ ఆయన ఆఫీసుకి పోతాడు, ఇంత చక్కగా రాస్తాడు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది కట్టమంచి అక్క కొడుకు లాంటోళ్లు. చాలా చోట్ల ఏమయితా ఉందంటే ఆటిజం ఉన్నోళ్లని కలుపుకున్నాం అని ఇద్దరు మాట్లాడగలిగినోళ్లని కూర్చోబెట్టి అందరి తరపునా అయిపోయింది అనుకుంటారు. అప్పుడు మాటలు లేని పిల్లలు రెండోసారి కూడా బయటే నిలబడతారు.

ఇంకో భయం. మాట రాని పిల్లోడి చెయ్యో మోచెయ్యో పెద్దోళ్లు పట్టుకోని కీబోర్డ్ మీద టైప్ చేయించి ఇది వాడి మనసులో మాట అనే పద్ధతి ఒకటి ఉంది, ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అంటారు. 1990ల్లోనే పరీక్షలు పెట్టి చూస్తే ఆ మాటలు పట్టుకున్నోళ్లవేనని తేలింది. పట్టుకున్నోళ్లు మోసం చేయాలని చేయరు, వాళ్లకే తెలీకుండా జరిగిపోతాది. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో కూడా వాడొద్దని గట్టిగా చెప్పింది. నువ్వు పిల్లోడి గొంతు వినాలనే ఆత్రంలో దాంట్లో పడొద్దు తల్లీ.

దానికి బదులు బొమ్మల చాప పద్ధతి మంచిది. స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ యూనివర్సిటీలో పుట్టింది, టాకింగ్ మ్యాట్స్ అంటారు. ఒక చాప మీద పైన మూడు గుర్తులు, ఇష్టం, పర్లేదు, వద్దు. నువ్వు ఫోటో కార్డు ఇస్తే వాడే ఏ గుర్తు కింద పెట్టాల్నో పెడతాడు. చార్ట్ పేపరు, వెల్క్రో ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. కార్టూన్ బొమ్మలు వద్దు, వాళ్ల ఇంటి గిన్నె, వాళ్ల మంచం, వాళ్ల వీధి, నిజం ఫోటోలు తియ్యి. ఒక రోజు పెట్టి వదిలేయొద్దు, వారం తర్వాత గుర్తులు కుడిఎడమలు మార్చి మళ్లా పెట్టు, రెండుసార్లూ ఒకటే వస్తే నమ్మకంగా రాసుకోవచ్చు, రాకపోతే రాలేదని రాయి. మీ సారు అడిగిన నమ్మకం సంగతికి ఇది జవాబు అయితాది. నిజానికి నమ్మకం సంగతి అమ్మల ఇంటర్వ్యూలకి కూడా అడగాల కదా, ఎవరూ అడగరు.

రేణిగుంట_జంక్షన్

మేడం మీరు చెప్పింది కరెక్ట్. కట్టమంచి అక్క వాళ్ల అబ్బాయి తరపున నేను మాట్లాడలేను, మాట్లాడకూడదు కూడా. కానీ ఒక్కటి చేయగలను. ఆ గదిలోకి నేను పోతే ఏ లైటు గుయ్యిమంటా ఉంది, ఏ ఫ్యాన్ కీచుమంటా ఉంది అనేది మీ అందరికంటే ముందు నాకు తెలుస్తాది. ఇంటర్వ్యూ ముందర నన్నొకసారి తీసకపోతే అవి సరిచేసి వస్తా. ఆదివారం నాకు సెలవే.

2021లో ఇంగ్లండ్‌లో స్పెక్ట్రమ్ టెన్‌కే అని ఒక పెద్ద ప్రాజెక్టు పెట్టినారు, 10,000 మంది ఆటిజం ఉన్నోళ్ల డీఎన్ఏ తీసుకోవాలని, కేంబ్రిడ్జ్ వాళ్లది. ఆగస్టులో మొదలుపెట్టినారు, సెప్టెంబర్‌లో ఆపేయాల్సి వచ్చింది, మా ఉమ్మి తీసకపోయి దేనికి వాడతారో మమ్మల్ని ముందే అడగలేదేం అని ఆటిజం ఉన్నోళ్లే పట్టుబట్టినారు. అంత పెద్దోళ్లే మొదట అడక్కపోతే ఆగిపోయింది. అక్క ఎనిమిదో ఇంట్లోనే ఆగి అడగతా ఉంది, అందుకే నేను వస్తా అంటా ఉండా.

స్వర్ణముఖి_98

అందరికీ పేరుపేరునా దండం. పది రోజులు రాలేదు, పని మీదనే ఉండా.

గైడ్ సార్‌కి సెక్షన్ 6 ప్రింట్ తీసి ఇచ్చినా, లీలామహల్ సార్ రాసింది కూడా చదివి వినిపించినా. సార్ చాలాసేపు చదువుకోని, అమ్మలు ఎనిమిదితో ఆపేయ్, నలుగురు పిల్లల్ని తీసుకో, అమెండ్‌మెంట్, అంటే ప్లాన్‌లో మార్పుల కాగితం, నేనే ఎథిక్స్ కమిటీకి పంపిస్తా అన్నాడు. కమిటీ లెటర్ వచ్చేదాకా రికార్డింగ్ లేదు, నోట్స్ లేదు, కార్డులు తయారు చేసుకునేది, పరిచయం చేసుకునేది మాత్రమే. ప్రశ్నలు చూసేదానికి రేణిగుంట అన్నని సలహాదారుగా పేపర్‌లో పెట్టినాం, ఆయన ఒప్పుకుంటేనే పేరు వేస్తాం. "వద్దు అనేది ఎట్ల చెప్తారు" అని మొదటి పేజీలోనే ఒక కాలమ్ పెట్టినా కట్టమంచి అక్కా, మొదటి కాలమ్ అదే.

నిన్న బైరాగిపట్టెడకి పోయినా. స్పీచ్ మేడం చెప్పినట్టు నిజం ఫోటోలే, అమ్మ పంపించింది, నేను ప్రింట్ తీసి లామినేట్ చేయించినా. ఫ్యాన్ ఆపేసినాం. అబ్బాయి కార్డులన్నీ ఒక్కొక్కటిగా చూసి, నేను "ఫ్రెండ్స్" కోసం తెచ్చిన పక్కింటి పిల్లోళ్ల ఫోటోని తీసి నా చేతిలో పెట్టేసినాడు, ఏ గుర్తు కిందా పెట్టలేదు. లోపలికి పోయి అమ్మ ఫోన్ తెచ్చి గ్యాలరీలో వెతికి వెతికి ఒక దోసె బండి ఫోటో చూపిచ్చినాడు. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ బండాయన పక్కన పావుగంట నిలబడతాడంట, ఆయన పెనం మీద నీళ్లు చల్లేది చూస్తాడంట, ఇద్దరూ ఏం మాట్లాడుకోరంట. అమ్మకి ఇదంతా తెలుసు. నేను అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు, నా లిస్టులో "ఎవరితో మాట్లాడతాడు" అనే ఉంది, ఎవరి పక్కన నిలబడతాడు అని లేదు.

ఆ ప్రశ్న మార్చేసినా. ఆదివారం అయిదున్నరకి దోసె బండి కాడికి పోతా ఉండాం, అబ్బాయి, వాళ్లమ్మ, నేను. రేణిగుంట అన్నా, ఆడ జనం, హారన్లు జాస్తి, నువ్వు ముందే వచ్చి ఒకసారి చూసి చెప్తావా, లొకేషన్ మెసేజ్‌లో పంపిస్తా.